వాల్వు పాట అంత తియ్యనా?

మీ తాతయ్యగారినో, అమ్మమ్మగారినో ఒక్కమాట అడిగి చూడండి: “మీ చిన్నప్పుడు రేడియో స్విచ్చి వేయగానే పాట వచ్చేదా?” అని. వాల్వు రేడియో ఉన్న ఇంట్లో పెరిగినవారైతే తప్పకుండా నవ్వి, “వేయగానే ఎక్కడొస్తుంది? వేడెక్కాలిగా!” అంటారు.

ఏడు గంటలకు వార్తలు వినాలంటే నిమిషం ముందే స్విచ్చి వేసి ఉంచేవారు. మొదట డయలు వెనక పసుపుపచ్చని దీపం వెలిగేది. కొన్ని సెకన్లు నిశ్శబ్దం. తరవాత లోపలెక్కడో సన్నని గుర్రుమనే చప్పుడు. అప్పుడు, దూరం నుంచి ఎవరో మాట్లాడుతూ నడిచి వస్తున్నట్లు, మాట మెల్లమెల్లగా పెద్దదయ్యేది. రేడియో వెనక అట్టకున్న చిల్లుల్లోంచి తొంగిచూస్తే నాలుగైదు గాజుబుడ్లు నివురుగప్పిన నిప్పులా ఎర్రగా కనిపించేవి. వాటినే వాల్వులు అనేవారు. శాస్త్ర పరిభాషలో శూన్యనాళికలు. 1960లలో మన బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా వీటిని తయారుచేసేది.

ఇప్పుడు మీ ఇంట్లోని రేడియోలోగాని, టీవీలోగాని, ఫోనులోగాని అవి లేవు. అయినా అవి పూర్తిగా అంతరించలేదు. రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో ఇవాళ కూడా వాల్వులు తయారవుతున్నాయి. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారిలో చాలామంది వాల్వు యాంప్లిఫైయరే కావాలంటారు. ఇంట్లో సంగీతం వినడానికి పెద్ద మొత్తాలు పోసి వాటిని కొనేవారూ ఉన్నారు. “వాల్వు పాట తియ్యగా, వెచ్చగా ఉంటుంది, ట్రాన్సిస్టరు పాట బిరుసుగా ఉంటుంది” అన్నది వాళ్ల వాదం. “వేడెక్కుతుంది, కరెంటు తింటుంది, మాటిమాటికీ చెడిపోతుంది, పాతమీద మోజు తప్ప అందులో ఏముంది?” అన్నది ఎదుటివారి వాదం.

ఇద్దరిలో ఎవరిది నిజం? ఈ తగువు తీర్చాలంటే ముందు గాజుబుడ్డి లోపలికి వెళ్లి చూడాలి.

చెరువు తూము, వాల్వు గ్రిడ్

1883లో అమెరికాలో థామస్ ఎడిసన్ తన విద్యుద్దీపంలో ఒక వింత గమనించి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. బల్బులో వెలిగే తంతువుకు దూరంగా, దానికి తగలకుండా ఒక లోహపు రేకు అమర్చి, ఆ రేకును బ్యాటరీ ధన ధ్రువానికి కలిపితే మధ్యనున్న ఖాళీలోంచి కరెంటు ప్రవహించింది! ఋణ ధ్రువానికి కలిపితే ప్రవహించలేదు. కారణం ఎడిసన్‌కు అంతుపట్టలేదు. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాన్ ఉనికిని నిరూపించిన తరవాత విషయం తేటపడింది. ఎసట్లో మరిగే నీటి నుంచి ఆవిరి లేచినట్లు, బాగా వేడెక్కిన లోహంలోంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. అవి ఋణావేశం గలవి కదా, ధనావేశం గల రేకు వైపు పరుగెత్తుతాయి. ఋణావేశం గల రేకు వాటిని వెనక్కు నెడుతుంది.

1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ ఈ వింతను పనికి పెట్టాడు. కరెంటును ఒకవైపే పోనిచ్చే ఆ పరికరానికి ‘వాల్వు’ అని పేరు పెట్టాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ వేడి తంతువుకూ రేకుకూ మధ్య మూడో అవయవం ఒకటి చొప్పించాడు. అదే ‘గ్రిడ్’, అంటే సన్నని తీగలతో చేసిన జల్లెడ వంటిది. యాంప్లిఫైయరు ప్రాణమంతా ఈ జల్లెడలోనే ఉంది.

చెరువు తూము చూశారు కదా? తలుపు ఎత్తేది ఒక్క మనిషే. కాని ఆ తలుపు జానెడు ఎత్తితే పది ఎకరాలు తడిపే నీరు దూకుతుంది. నీటిని తోసే బలం మనిషిది కాదు, చెరువుది. మనిషి చేసేది ఎంత పోవాలో నిర్ణయించడమే. వాల్వులోనూ ఇంతే. గ్రిడ్‌కు కొంచెం ఋణ వోల్టేజీ ఇస్తే ఎలక్ట్రాన్ల ప్రవాహం సన్నగిల్లుతుంది. ఆ ఋణ వోల్టేజీ తగ్గిస్తే ప్రవాహం పెరుగుతుంది. మైక్రోఫోను నుంచి వచ్చిన బలహీనమైన సంకేతాన్ని గ్రిడ్‌కు అందిస్తే, అవతల ప్లేటు దగ్గర అదే ఆకారంలో, ఎన్నో రెట్లు పెద్దదైన సంకేతం లభిస్తుంది. ఈసీసీ83 అనే ప్రసిద్ధమైన చిన్న వాల్వును మామూలు వలయంలో అమర్చి గ్రిడ్ మీద పదోవంతు వోల్టు మార్పు కలిగిస్తే, ప్లేటు దగ్గర సుమారు 5 వోల్టుల మార్పు వస్తుంది.

వాల్వు చేసిన మొదటి ఘనకార్యం సంగీతం కాదు, టెలిఫోను. 1915 జనవరి 25న న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య మాటలు నడిచాయి. దూరం 5,000 కిలోమీటర్లకు పైనే. దారిలో నీరసించిపోయే మాటకు వాల్వులు మళ్లీ మళ్లీ బలం పోశాయి. తరవాత రేడియోలు, సినిమా హాళ్లు, గ్రామఫోన్లు, సభల్లో మైకుసెట్లు అన్నీ వాల్వుల మీదే నడిచాయి.

వాల్వుకు ముసలితనం ఎందుకొస్తుంది?

ఇక మొదటి ఫిర్యాదు తీసుకుందాం: చెడిపోవడం. వాల్వు పనితీరులోనే దాని ఆయుర్దాయం కూడా రాసిపెట్టి ఉంది.

మొదటి సంగతి, కాథోడు. ఎలక్ట్రాన్లు బయలుదేరే ఈ నికెల్ గొట్టానికి పైన బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల పూత ఉంటుంది. ఈ పూత ఉంటే 700, 800 డిగ్రీల సెల్సియస్ వేడికే ఎలక్ట్రాన్లు ధారాళంగా వస్తాయి. కాని ఆ వేడిలో పూతలోని బేరియం కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. పూత అరిగినకొద్దీ ఎలక్ట్రాన్లు తగ్గుతాయి. పాట బలం తగ్గుతుంది. నూనె అయిపోవస్తున్న దీపంలాగ అన్నమాట.

రెండోది, లోపలి హీటరు తీగ. టంగ్‌స్టన్ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం చాలా తక్కువ. అందువల్ల స్విచ్చి వేసిన మొదటి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు దూకుతుంది. పాతకాలపు తంతువు బల్బులు వెలుగుతూ ఉండగా కాక, సరిగ్గా స్విచ్చి వేయగానే ‘టప్’మని పోవడానికి కారణం ఇదే. వాల్వు హీటరుకూ ఈ దెబ్బ తగులుతుంది.

మూడోది, గాలి. లోపల దాదాపు శూన్యం ఉండాలి. గాలి అణువులు మిగిలితే ఎలక్ట్రాన్లు వాటిని ఢీకొని అయాన్లను పుట్టిస్తాయి. ఆ అయాన్లు వెనక్కు వచ్చి కాథోడు పూతను పాడుచేస్తాయి. అందుకే తయారీలో చివరగా లోపల కాస్త బేరియం ఆవిరి చేస్తారు. అది గాజు మీద వెండి పూతలాగ మెరుస్తూ అంటుకుని, మిగిలిన వాయువును పట్టి ఉంచుతుంది. పాత వాల్వు ఎప్పుడైనా దొరికితే ఆ మెరుపు చూడండి. మెరుపు ఉన్నచోట తెల్లని బూడిద రంగు కనిపిస్తే గాజు పగిలి లోపలికి గాలి చొరబడిందన్నమాట. ఆ వాల్వు పని అయిపోయినట్టే.

నాలుగోది, కుదుపు. లోపల గ్రిడ్ తీగలు వెంట్రుకల్లాంటివి. అవి అదిరితే ఎలక్ట్రాన్ల ప్రవాహమూ అదురుతుంది. కొన్ని వాల్వులను వేలితో మీటితే స్పీకరులో ‘టంగ్’మని గంట మోగినట్లు వినిపిస్తుంది!

వీటికి తోడు కరెంటు ఖర్చు. ఈఎల్34 అనే వాల్వు పెద్ద యాంప్లిఫైయర్లలో ఎక్కువగా కనిపిస్తుంది. దాని హీటరుకు 6.3 వోల్టుల వద్ద 1.5 ఆంపియర్లు కావాలి. గుణించండి: సుమారు 9.5 వాట్లు. మీ గదిలో వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తినేంత కరెంటు, పాట మొదలు కాకముందే, ఒక్కొక్క వాల్వూ వేడెక్కడానికే తింటుంది. స్టీరియోకు అలాంటివి నాలుగుంటే 38 వాట్లు.

మరి ఆయుర్దాయం? మామూలు వాల్వులకు కొన్ని వేల గంటలు. ప్రత్యేకంగా జాగ్రత్తపడి చేసినవాటికి 10,000 గంటలు. రోజూ 4 గంటలు పాటలు వింటే 10,000 గంటలంటే 2,500 రోజులు, అంటే ఏడేళ్లకు కొంచెం తక్కువ. అయితే దీనిలో ఒక సదుపాయం ఉంది. వాల్వు బల్బులాగ సాకెట్లో గుచ్చే వస్తువు. నెమ్మదిగా నీరసిస్తుంది, ముందే సూచన ఇస్తుంది, తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ట్రాన్సిస్టరుకు అరుగుదల దాదాపు లేదు. కాని దాని శక్తికి మించి కరెంటు పోతే రెప్పపాటులో మాడిపోతుంది. వాల్వు కాసేపు అలాంటి దెబ్బ ఓర్చుకుంటుంది.

సముద్రం అడుగున 306 వాల్వులు

“సరే, వాల్వు నమ్మదగినది కాదని తేలిపోయింది కదా!” అని మీరు అనవచ్చు. తొందరపడకండి.

1956 సెప్టెంబరు 25న అట్లాంటిక్ మహాసముద్రం అడుగున మొదటి టెలిఫోను కేబులు ప్రారంభమైంది. దాని పేరు టాట్-1. స్కాట్లండులోని ఓబన్ నుంచి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ వరకు రెండు కేబుళ్లు పరిచారు. పోయే మాటకు ఒకటి, వచ్చే మాటకు ఒకటి. ఒక్కొక్క దానిలో 51 చోట్ల యాంప్లిఫైయర్లు, ఒక్కొక్క యాంప్లిఫైయరులో 3 వాల్వులు. లెక్క వేస్తే మొత్తం 306. కొన్ని చోట్ల కిలోమీటర్ల లోతున, ఎవరూ వెళ్లి మార్చలేని చోట పెట్టిన వాల్వులివి. ఒక్కటి పోయినా ఓడ వేసుకుని వెళ్లి కేబులు పైకి లాగాలి. అందుకే 20 ఏళ్లు మన్నాలని రూపకల్పన చేశారు. ఆ కేబులు 1978 దాకా, 22 ఏళ్లు పనిచేసింది. 22 ఏళ్లంటే సుమారు 1,93,000 గంటలు!

ఇంట్లో కొన్ని వేల గంటలు మన్నే వస్తువు అక్కడ రెండు లక్షల గంటలకు దగ్గరగా ఎలా వచ్చింది? ఇంజనీర్లు మంత్రమేమీ వేయలేదు. అప్పటికే పాతబడిన, బాగా పరీక్షకు నిలిచిన వాల్వు నమూనాను ఎంచుకున్నారు. దాని శక్తి అంతా పిండుకోకుండా తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో నడిపారు. వేలాది గంటలు నడిపి చూసి, గట్టివాటినే ఏరి పెట్టారు. ఇక స్విచ్చి వేయడం, ఆపడం అన్న బాధే లేదు. అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

ఈ ఆఖరి సంగతి కంప్యూటరు ఇంజనీర్లకూ తెలిసింది. 1946లో అమెరికాలో లోకానికి పరిచయమైన ఇనియాక్ కంప్యూటరులో సుమారు 18,000 వాల్వులు ఉండేవి. అన్ని వాల్వులుంటే నిమిషానికొకటి పోతుందని చాలామంది భయపడ్డారు. ఇంజనీరు ప్రెస్పర్ ఎకర్ట్ వాటిని నిర్ణీత హద్దుల కంటే తక్కువ వోల్టేజీలతో నడిపించాడు. చాలా వాల్వులు యంత్రం వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు పోతున్నాయని గమనించి దాన్ని ఆపకుండా ఉంచసాగారు. చివరికి రెండు రోజులకు ఒక వాల్వు పోయే స్థితికి తీసుకువచ్చారు. 1954లో ఒకసారి 116 గంటలు ఏ ఆటంకమూ లేకుండా నడిచింది.

మరి ఇంటి యాంప్లిఫైయరులో ఇలా ఎందుకు చేయరు? తక్కువ కరెంటుతో నడిపితే శబ్దం తక్కువ వస్తుంది. కొనేవారికి పెద్ద శబ్దం కావాలి, ధర తగ్గాలి. కనుక వాల్వును హద్దు దాకా పరుగెత్తిస్తారు. హద్దు దాకా పరుగెత్తే ఎద్దు త్వరగా అలిసిపోతుంది. వస్తువు మన్నిక వస్తువులోనే కాదు, దాన్ని వాడే తీరులోనూ ఉంటుంది.

తియ్యదనం లెక్క

ఇక అసలు తగువు: తియ్యదనం. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించారు. షాక్లీతో కలిసి 1956లో నోబెల్ బహుమతి అందుకున్నారు. హీటరు అక్కరలేదు, శూన్యం అక్కరలేదు, స్విచ్చి వేసిన మరుక్షణం పాట! చేతిలో ఇమిడే రేడియోలు వచ్చాయి. మన ఊళ్లలో ఆ చిన్న రేడియోకే ‘ట్రాన్సిస్టరు’ అన్న పేరు స్థిరపడిపోయింది. అయితే 1960లలో వచ్చిన ట్రాన్సిస్టరు యాంప్లిఫైయర్లు విన్న సంగీతప్రియులు కొందరు మొహం చిట్లించారు. ఎందుకు?

ఒక ప్రయోగం ఊహించండి. గాయని షడ్జమం పాడుతోంది. దాని పౌనఃపున్యం సెకనుకు 240 కంపనాలు అనుకుందాం. తరంగం నునుపుగా పైకి లేచి కిందికి దిగుతుంది. యాంప్లిఫైయరు దాన్ని పెద్దది చేయాలి కాని ఆకారం మార్చకూడదు. కాని ఏ యాంప్లిఫైయరూ పరిపూర్ణమైనది కాదు. ఆకారం కొంచెమైనా మారుతుంది. దీన్ని ఇంజనీర్లు డిస్టార్షన్ అంటారు. మనం ‘రూపభంగం’ అందాం. రూపం మారితే ఏమవుతుంది? అసలు లేని కొత్త స్వరాలు పుడతాయి! అవి 240కి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఇలా ఉంటాయి. వీటిని అనుస్వరాలు అంటారు.

రెండోది 480. అంటే పైస్థాయి షడ్జమం. అదే స్వరం, ఒక మెట్టు పైన. మూడోది 720. అది ఆ పైస్థాయి పంచమం. నాలుగోది 960, మళ్లీ షడ్జమమే. అయిదోది 1,200, అంతర గాంధారం. ఇంతవరకు అన్నీ చుట్టాలే! కాని ఏడోది 1,680. దానికి మన పన్నెండు స్వరస్థానాలలో సరిగ్గా సరిపోయే చోటు లేదు. ఇలా పైకి పోయినకొద్దీ వచ్చేవి ఒకదానికొకటి దగ్గర దగ్గరగా చేరి చెవికి గరుకుగా తగులుతాయి.

ట్రయోడు వాల్వు తరంగం పైభాగాన్నీ కిందిభాగాన్నీ సమానంగా మార్చదు. ఒక వైపు కొంచెం ఎక్కువ నొక్కుతుంది. ఇలాంటి ఎగుడుదిగుడు వల్ల ముఖ్యంగా రెండో అనుస్వరం పుడుతుంది. అంటే గాయని షడ్జమానికి పైస్థాయి షడ్జమం కొద్దిగా తోడవుతుంది. తంబూరా శ్రుతి నిండుగా ఉన్నట్లు వినిపిస్తుంది. తరంగాన్ని రెండు వైపులా సమానంగా నరికితే 3, 5, 7, 9 వంటి బేసి అనుస్వరాలు పుడతాయి.

నరకడం అన్నాం కదా. యాంప్లిఫైయరు శక్తికి మించి పని చెబితే ఏమవుతుంది? పత్తి బస్తాకు తగిలిన బంతిని, రాతిగోడకు తగిలిన బంతిని తలచుకోండి. వాల్వు పత్తి బస్తా. తరంగ శిఖరాన్ని మెల్లగా గుండ్రం చేస్తుంది. ట్రాన్సిస్టరు రాతిగోడ, హద్దు వచ్చేదాకా చక్కగా ఉంటుంది, వచ్చాక శిఖరాన్ని కత్తితో నరికినట్లు చదును చేస్తుంది. ఆ పదునైన అంచులలోనే గరుకైన పై అనుస్వరాలు దాగి ఉంటాయి. 1973లో రస్సెల్ హామ్ అనే ఇంజనీరు రికార్డింగు యాంప్లిఫైయర్లను హద్దు దాటించి కొలిచి, వాల్వులలో రెండో అనుస్వరం, ట్రాన్సిస్టర్లలో మూడో అనుస్వరం ప్రధానంగా కనిపిస్తున్నాయని ప్రచురించాడు. గిటారు వాయించేవారు కావాలనే యాంప్లిఫైయరును హద్దు దాటిస్తారు. వారికి ఈ రూపభంగం లోపం కాదు, వాద్యంలో భాగం.

మరి తొలినాటి ట్రాన్సిస్టరు యాంప్లిఫైయర్లు మెల్లని పాటలో కూడా ఎందుకు గరుకుగా ఉండేవి? వాటిలో ఒక ట్రాన్సిస్టరు తరంగం పై సగాన్ని, మరొకటి కింది సగాన్ని మోసేవి. సిలికాన్ ట్రాన్సిస్టరు మేలుకోవడానికి సుమారు 0.6 వోల్టు కావాలి. ఒకటి పడుకుని, రెండోది ఇంకా లేవని ఆ సందులో తరంగం తెగిపోయేది. శబ్దం చిన్నదైనప్పుడు ఆ తెగుడు మరీ ప్రస్ఫుటం. రెండు ట్రాన్సిస్టర్లనూ ఎప్పుడూ కొంచెం మేలుకుని ఉండేలా చేయడంతో తరవాత తరవాత ఈ లోపం దాదాపు పోయింది. కాని ‘బిరుసు’ అన్న చెడ్డపేరు మాత్రం మిగిలిపోయింది.

అలాగే వాల్వు స్పీకరుతో నేరుగా మాట్లాడలేదు. వాల్వుకు 5,000 ఓముల నిరోధం కావాలంటే స్పీకరుది 8 ఓములే. మధ్యవర్తిగా ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. 5,000ని 8తో భాగిస్తే 625. దాని వర్గమూలం 25. కనుక ఒకవైపు 25 చుట్లకు మరోవైపు 1 చుట్టు. ఈ మధ్యవర్తి బాగా లోతైన స్వరాలను, బాగా హెచ్చు స్వరాలను కొంత తగ్గిస్తాడు. పైగా చాలా వాల్వు యాంప్లిఫైయర్లకు స్పీకరు మీద పట్టు తక్కువ. స్పీకరు నిరోధం స్వరాన్నిబట్టి మారుతుంది కనుక, కొన్ని స్వరాలు కాస్త ఎక్కువగా, కొన్ని తక్కువగా పలుకుతాయి. ‘వెచ్చదనం’లో కొంత వాటా దీనిది.

అంటే వాల్వుతో స్వచ్ఛమైన ధ్వని అసాధ్యమా? కాదు. 1927లో హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు ఒక చక్కని ఉపాయం కనిపెట్టాడు. బయటికి వచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని తలకిందులు చేసి మళ్లీ లోపలికి పంపితే, యాంప్లిఫైయరు తన తప్పులను తానే దిద్దుకుంటుంది. దీన్నే ఋణ ఫీడ్‌బ్యాక్ అంటారు. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ ఈ పద్ధతితో నిర్మించిన వాల్వు యాంప్లిఫైయరు 15 వాట్ల వద్ద నూటికి 0.1 వంతు కంటే తక్కువ రూపభంగం చూపింది. అటువంటి వాల్వు యాంప్లిఫైయరుకూ, మంచి ట్రాన్సిస్టరు యాంప్లిఫైయరుకూ చెవికి తెలిసే తేడా చాలా చాలా తక్కువ. తేడా ఎక్కువగా తెలిసేది ఆ స్వచ్ఛత లేనిచోట!

మీ చెవికీ ఒక పరీక్ష

1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అనే ఇంజనీరు స్టీరియోఫైల్ అనే పత్రిక సంపాదకులతో పందెం వేశాడు. వాళ్లు మెచ్చుకునే ఖరీదైన వాల్వు యాంప్లిఫైయరు ధ్వనిని తన మామూలు ట్రాన్సిస్టరు యాంప్లిఫైయరులో తెప్పిస్తానన్నాడు. రెండింటి ధ్వనులను ఒకదాని నుంచి ఒకటి తీసివేసి, మిగిలిన తేడాను కొలుస్తూ, ఆ తేడా పోయేదాకా తన వలయంలో మార్పులు చేశాడు. చివరికి ఏది ఏదో సంపాదకులు పోల్చుకోలేకపోయారు. దీని అర్థమేమిటి? వాల్వు పాటలో నిజంగానే ఒక రుచి ఉంది. కాని ఆ రుచి గాజుబుడ్డిలో దాగిన రహస్యం కాదు. కొలవదగిన, మరో విధంగానూ తెప్పించదగిన మార్పు.

చెవిని నమ్మకూడదా మరి? నమ్మాలి. కాని పరీక్షించి నమ్మాలి. ఇంట్లో ఉన్న ఫోను, స్పీకరుతోనే ఇలా చేసి చూడండి. స్నేహితులను కూర్చోబెట్టి, “ఇది మొదటి యాంప్లిఫైయరు, ఇది రెండోది” అని చెప్పి, ఒకే పాటను ఒకే స్పీకరులో రెండుసార్లు వినిపించండి. రెండోసారి శబ్దం ఒకే ఒక్క మెట్టు పెంచండి. ఏది బాగుందో చీటీ మీద రాయమనండి. తరవాత అసలు సంగతి చెప్పండి. ‘పెద్ద శబ్దం’ ఎంతసులువుగా ‘మంచి శబ్దం’ అనిపిస్తుందో చీటీలు చూస్తే మీకే తెలుస్తుంది. అందుకే నిజమైన పరీక్షలో రెండు పరికరాల శబ్దాన్నీ మీటరుతో సమానం చేస్తారు. ఏది మోగుతోందో వినేవారికి తెలియనివ్వరు. ఏది మోగించాలో నాణెం ఎగరేసి నిర్ణయిస్తారు.

పదిసార్లు వినిపిస్తే ఒకరు ఏడుసార్లు సరిగ్గా చెప్పారనుకోండి. గొప్ప చెవి అంటారా? పది నాణేలు పడే తీరులు మొత్తం 1,024. వాటిలో ఏడు లేక అంతకంటే ఎక్కువ సరిపోయేవి 176. అంటే ఏమీ వినకుండా ఊహించి చెప్పినా ఆరుసార్లకు ఒకసారి ఈ ఫలితం వస్తుంది! అదే తొమ్మిది లేక పది సరిపోవడమైతే 1,024లో 11 మాత్రమే. అప్పుడు ఆ చెవిని మెచ్చుకోవచ్చు.

ఇక తీర్పు చెప్పుకుందాం. మన్నికలో, ఖర్చులో, స్వచ్ఛతలో ఇవాళ ట్రాన్సిస్టరుదే పైచేయి. వాల్వు ఇచ్చే తియ్యదనం అబద్ధం కాదు. అది పాటకు చేర్చిన చిటికెడు బెల్లం. ఇష్టమైనవారు చేర్చుకోవచ్చు. కాని అది పాలలోనే ఉందని మాత్రం అనకూడదు.

ఒక హెచ్చరిక. అటక మీద పాత వాల్వు రేడియో దొరికితే బయటి నుంచి చూసి ఆనందించండి. లోపల చెయ్యి పెట్టకండి. వాల్వు వలయాల్లో 200 నుంచి 400 వోల్టుల దాకా ఉంటాయి. ప్లగ్గు తీసేసిన తరవాత కూడా కండెన్సర్లలో ఆ విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండి ప్రాణాపాయమైన షాకు కొట్టగలదు. తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్లి, ఆయన వెలిగించి చూపిస్తే, దీపాలార్పి తాతయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ ఎర్రని వెలుగు, ఆ కాసేపటి నిశ్శబ్దం, ఆ తరవాత దూరం నుంచి నడిచివచ్చే పాట: ఇవి ఏ మీటరుకూ అందవు. కాని పాటలో ఎంత భాగం వాల్వుది, ఎంత భాగం తాతయ్యగారి జ్ఞాపకాలది అన్నది ఇప్పుడు మీరు విడదీసి చెప్పగలరు.